మణికట్టు పడనివ్వకు

అమ్మ కుడిచేతి కట్టు విప్పి పది రోజులైంది. స్నానాల గదిలో జారినప్పుడు చెయ్యి ఆనించడంతో మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. ఎనభై నాలుగేళ్ల మనిషికి అది అతుకుతుందో లేదోనని నేను హడలిపోయాను గానీ, అమ్మ మాత్రం వార్డులో ఎవరో పేషెంటు గురించి చెప్పినట్టు "ఆరు వారాలు పడుతుంది, కంగారు పడకు" అంది. ఇప్పుడు రాజమండ్రిలో మా ఫ్లాటుకి రోజూ పొద్దున్నే దివ్య అనే అమ్మాయి వచ్చి ఫిజియోథెరపీ చేయిస్తోంది. మొన్న ఆ అమ్మాయి అమ్మ చేతిలో మెత్తటి రబ్బరు బంతి పెట్టి, "మణికట్టు పడిపోనివ్వకండి అమ్మమ్మగారూ. అది గట్టిగా నిలబెట్టి వేళ్లు మాత్రమే కదపండి" అంది. అమ్మ బంతి నొక్కడం ఆపేసి నావంక చూసింది. "ఈ మాట దీనికి నేను ఎన్ని వందల సార్లు చెప్పానో అడుగమ్మా" అంది. దివ్యకి అర్థం కాలేదు. "ఆంటీకి కూడా చెయ్యి విరిగిందాండీ?" అని అడిగింది. "విరగలేదు. బౌలింగు వేసేది" అంది అమ్మ. దివ్య నా నెరిసిన జుట్టునీ, కళ్లజోడునీ, చేతిలో ఉన్న కాఫీ గ్లాసునీ చూసి, కాస్త తటపటాయించి, "స్పిన్నాండీ, పేసాండీ?" అంది. పేసు అన్నాను. నలభై ఏళ్ల పైమాట తర్వాత ఆ మాట నోటితో అన్నానో లేదో ఒళ్లు ఝల్లుమంది. ఆ పూట ఇంకే పనీ చెయ్యలేకపోయాను. వంటింట్లో నిలబడి, ఎవరూ చూడటం లేదని తెలుసుకుని, చెయ్యి పైకెత్తి రెండుసార్లు గాల్లో తిప్పాను. భుజం కలుక్కుమంది. అయినా మూడోసారి కూడా తిప్పాను.

అప్పట్లో మేం మండపేటలో ఉండేవాళ్లం. మా పెరటి గోడకి అవతల ఒక ఉప్పుడు బియ్యం మిల్లు. తెల్లారేసరికి ఉడికిన ధాన్యం ఆవిరి గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేసేది. తియ్యగా, కాస్త పులిసినట్టు, ఆకలి పుట్టించే వాసన అది. దానితో పాటు మా ఇంటికి ఇంకో వాసన ఉండేది, డెట్టాలు. అమ్మ మా ఊరి మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఊళ్లో అందరికీ ఎస్తేరు సిస్టరు గారు. ఆవిడ తెల్లచీరలకి మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, అన్నం వార్చిన గంజి వడకట్టి పెట్టేది. ఆ చీరలు తీగ మీద ఆరి అప్పడాల్లా తయారయ్యేవి. మా ఇంట్లో అన్నీ అమ్మ డ్యూటీని బట్టే నడిచేవి. పగటి డ్యూటీ అయితే పప్పుచారు, రాత్రి డ్యూటీ అయితే పొద్దున్న చద్దన్నంలో ఆవకాయ, సెలవైతే చేపల పులుసు. నాన్న పక్క ఊళ్లో ప్రైమరీ స్కూలు మాస్టారు. ఆదివారాలు చర్చిలో పాటల బృందాన్ని నడిపించేవారు. గడ్డం గీసుకుంటూ ఆ వారం పాడాల్సిన కీర్తన కూనిరాగం తీస్తుండేవారు. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఆయనకి మహా మురిపెం. ఇక మామ్మకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషను అయింది. సీసా అడుగులంత మందం అద్దాలు పెట్టుకుని, బియ్యంలో రాళ్లు కనపడవు గానీ వీధి చివర కాకి ఏం తింటోందో చెప్పేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడికి ఎక్కడినుంచో ఒక క్రికెట్ సంచీ వచ్చింది. రెండు బ్యాట్లు, ఆరు వికెట్లు, ఒక జత పెద్ద ప్యాడ్లు, కాగితంలో చుట్టిన మూడు ఎర్ర తోలు బంతులు. ఆడపిల్లల బడికి ఇదెందుకు పంపారో ఎవరికీ తెలియదు. మా డ్రిల్లు టీచరు సత్యవతి గారు మాత్రం ఎందుకని అడగలేదు. సాయంత్రం ఆఖరి గంట కొట్టగానే మమ్మల్ని మైదానంలో వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేతా బంతి విసిరించారు. మా అందరిలోకీ పొడుగుదాన్ని నేను. పరిగెత్తుకొచ్చి వేసిన నా మొదటి బంతి వికెట్లకి అల్లంత దూరంలోంచి వెళ్లి ప్రహరీ గోడకి కొట్టుకుని తిరిగి నా దగ్గరికే వచ్చింది. "దీని వేగం చూశారా" అన్నారు సత్యవతి గారు. అది ఎటు వెళ్లిందో ఆవిడ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. ఆ తోలు బంతి నున్నటి బరువు, దాని నడుం చుట్టూ లేచి ఉండే కుట్టు, వేళ్ల కింద ఆ కుట్టు గరుకు, చెయ్యి విడిచిన క్షణంలో అది గాలిని కోస్తూ చేసే చప్పుడు, వీటికే నాకు పిచ్చెక్కిపోయింది. అన్నం తింటూ బంతి పట్టుకునేదాన్ని. ప్రార్థన చేసుకునేటప్పుడు ముడిచిన చేతుల్లో కూడా వేళ్లు ఆ కుట్టు మీద పెట్టినట్టే ఉండేవి.

రామచంద్రపురం అమ్మాయిల జట్టు మా మైదానానికి వచ్చింది. పన్నెండేసి ఓవర్ల ఆట, ఒకరు మూడు ఓవర్లకి మించి వెయ్యకూడదు. మొదటి ఓవరు నాకిచ్చారు. ఆ ఓవరు నేనింతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పుకోలేదు. మొదటి బంతి బ్యాటరుకి అందనంత దూరంలోంచి పోయింది. అంపైరు గారు రెండు చేతులూ చాపి వైడ్ అన్నారు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఎంత బలంగా వేస్తే అంత ఎడమవైపుకి పోతోంది. మధ్యలో ఒకటో రెండో సరిగ్గా పడ్డాయి, మళ్లీ మొదలు. అంపైరు గారికి చేతులు దించే తీరిక లేదు. వచ్చిన పిల్లలు మొదట నవ్వారు, తర్వాత జాలిపడ్డారు, ఆ తర్వాత కబుర్లు చెప్పుకోవడం మొదలెట్టారు. చివరికి సత్యవతి గారు గట్టు మీదనుంచి దిగొచ్చి నా చెవిలో "కాలు పట్టేసిందని చెప్పి కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఓవరు మిగతాది నా స్నేహితురాలు జానకి వేసింది. మేం ఓడిపోయిన తేడా కంటే నేనిచ్చిన వైడ్లే ఎక్కువ. మర్నాటినుంచి క్లాసులో నా పేరు వైడు కరుణ.

నెల్లాళ్లకి మేం రామచంద్రపురం వెళ్లి మళ్లీ ఆడాలి. ఆ ఆటలో బాగా ఆడినవాళ్ల పేర్లు రాజమండ్రిలో జరిగే జిల్లా జట్టు ఎంపికకి పంపుతారని సత్యవతి గారు చెప్పారు. చెప్పేటప్పుడు నావైపు చూడలేదు. ఆ సాయంత్రం నేను ఒక పాత టెన్నిసు బంతి పట్టుకుని మిల్లు గచ్చు మీదకి వెళ్లాను. ధాన్యం ఆరబోసే సిమెంటు గచ్చు అది, రెండు పెళ్లి పందిళ్లు వెయ్యచ్చు. పొద్దుగూకే వేళకి ఆడవాళ్లు ధాన్యం కుప్పలు చేసి, పైన పరదాలు కప్పి వెళ్లిపోతారు. గోడ మీద బొగ్గుతో వికెట్లు గీసి వెయ్యడం మొదలెట్టాను. ఒక్కటీ వాటికి తగలడం లేదు. ఏడుపొచ్చేస్తోంది, ఏడుస్తూనే వేస్తున్నాను. వెనకాల చెప్పుల చప్పుడు వినపడి తిరిగి చూస్తే అమ్మ. డ్యూటీ దిగి వస్తోంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో టిఫిన్ క్యారియరు. క్రికెట్ అంటే రేడియోలో ఎవరో ఆపకుండా మాట్లాడటం అని మాత్రమే అమ్మకి తెలుసు.

"మళ్లీ వెయ్యి" అంది.

వేశాను. ఇంకోటి అంది. పది బంతులు వేయించింది. తర్వాత క్యారియరు కింద పెట్టి, గొడుగు దాని మీద ఆనించి, నా కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. కూతురి చెయ్యి పట్టుకున్నట్టు కాదు, డాక్టరు గారికి చూపించబోయే చెయ్యి పట్టుకున్నట్టు.

"భుజం బానే ఉంది. మోచెయ్యి బానే ఉంది. చెవి పక్కనుంచి నిటారుగానే వస్తోంది. ఆఖర్లో మణికట్టు పడిపోతోందమ్మా. బొటనవేలి వైపుకి ఒరిగిపోతోంది. నువ్వు ఎంత గట్టిగా వేస్తే అంత ఒరుగుతోంది."

"మరి బంతి వదలాలి కదా. కదపకుండా ఎలా వదులుతాను?"

"వదలాల్సింది వేళ్లు. నేను సూది వేసేటప్పుడు చూడలేదా? చెయ్యంతా కదులుతుంది, మందు ఎక్కించేది వేళ్లు. మధ్యలో ఇది కదిలిందనుకో, పేషెంటు వార్డు ఎగిరిపోయేలా అరుస్తాడు. అరచెయ్యి ఆఖరిదాకా బంతి వెనకాలే ఉండాలి. అంతే."

ఆ "అంతే" అన్న మాట ఎంత తేలిగ్గా అందో నాకు ఇప్పటికీ వినపడుతోంది. మర్నాడు ఆసుపత్రినుంచి సెలైన్ సీసాల అట్టపెట్టె ఒకటి తెచ్చింది. దాన్ని కత్తిరించి, మడిచి, ముంజేతి నుంచి అరచేతి మధ్యదాకా లోపలివైపు పెట్టి, పైన సాగే బ్యాండేజీ చుట్టింది. వేళ్లు వదిలేసింది. మణికట్టు వంచుదామన్నా వంగదు. తర్వాత దీపం గూట్లోంచి పుండ్లకి రాసే ఊదారంగు మందు సీసా తీసి, దూది ముంచి, టెన్నిసు బంతి నడుం చుట్టూ వేలి వెడల్పున ఒక గీత గీసింది. "ఈ గీత గాల్లో నిలబడి వెళ్లాలి. అటూ ఇటూ ఊగితే నీ మణికట్టు పడిపోయినట్టు" అంది. ఆ గీత నాకు కనపడదు కదా, నేను వేస్తూ ఎలా చూస్తానన్నాను. అమ్మ ఆలోచించి లోపలికి వెళ్లి మామ్మని తీసుకొచ్చింది.

అలా మా ఇంటి పద్ధతి మారిపోయింది. తెల్లారగట్ల అయిదింటికి అమ్మ నన్ను లేపేది. ఆరింటికల్లా ఆడవాళ్లు ఉడికిన ధాన్యం తట్టలతో వచ్చేస్తారు, ఈలోగా గచ్చు మాది. మిల్లు మేస్త్రీ అభ్యంతరం చెప్పబోతే అమ్మ ఆయన మోకాలికి కిందటి నెల కట్టు కట్టిన సంగతి గుర్తు చేసింది. ఆయన "ఆయ్, అలాగేనండి సిస్టరు గారూ" అని గొళ్లెం తీసి పెట్టాడు. మామ్మ నా వెనకాల పీట వేసుకుని, చెంగు తల మీదకి లాక్కుని కూర్చునేది. నేను వేసిన ప్రతి బంతికీ ఆవిడ తీర్పు ఉండేది. "ఊగిందే." "ఇదీ ఊగింది." "ఇదెటో పోయింది, నే చూళ్లేదు." వారం గడిచింది. చేతికి అట్ట ఉన్నప్పుడు చెయ్యి నాది కాదనిపించేది, బంతి నేల మీద జీడిపాకంలా అతుక్కుని పడేది. వేగం పోయింది. ఆడవాళ్లలో సూరమ్మ అనే ఆవిడ కొంచెం ముందుగా వచ్చి తట్ట బోర్లించి దాని మీద కూర్చుని చూసేది. "పాప చేతికేమైందండీ సిస్టరు గారూ?" అని అడిగితే అమ్మ "ఏం కాలేదు సూరమ్మా, కాకుండా ఉండటానికి" అనేది.

పదకొండో రోజో పన్నెండో రోజో, ఒక బంతి చేతిలోంచి వెళ్తున్నప్పుడే నాకు తెలిసిపోయింది. ఎలా చెప్పను. అప్పటిదాకా బంతిని నేను విసిరేదాన్ని. ఆ ఒక్కటి మాత్రం నా చూపుడువేలు, మధ్యవేలు చివర్లనుంచి తనంతట తాను జారి వెళ్లింది. మణికట్టు గోడలా నిలబడింది, వేళ్లు మాత్రం కిందికి దువ్వాయి. వెనకాల మామ్మ పీట మీదనుంచి లేచిన చప్పుడు. "నిలబడిందే, కరుణా. గీత నిలబడే పోయింది" అంటోంది. బొగ్గు వికెట్ల మధ్యదాని మీద ఊదా మరక పడింది. సూరమ్మ తట్ట దిగి వెళ్లి ఆ మరకని వేలితో తాకి చూసింది. అమ్మ బంతి తెచ్చి నా చేతికిచ్చింది. "ఇప్పుడు చేసింది మర్చిపోయేలోగా ఇంకోటి వెయ్యి" అంది. ఇంకోటి వేశాను. నిలబడింది. మూడోది ఊగింది. నాలుగోది నిలబడింది. ఆ పొద్దున్న నేను బడికి నడవలేదు, ఎగిరాను.

ఇక్కడే నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఆట ఇంకో వారం ఉందనగా అమ్మకి రాత్రి డ్యూటీలు పడ్డాయి. తెల్లవారుజామున ఆవిడ ఇంట్లో ఉండదు. రోజుకి నలభై బంతులకి మించొద్దని, అట్ట తియ్యొద్దని చెప్పి వెళ్లింది. నేను మామ్మని లేపకుండా, అట్ట లేకుండా, తోలు బంతితో నూరేసి, నూట యాభయ్యేసి వేశాను. ఒళ్లు తెలియని సంతోషం. మూడో రోజుకి మణికట్టు వాచింది. నాన్న ముందు కనిపెట్టారు. ఇంగ్లీషు నోటుబుక్కులో నా రాత కాకి తొక్కినట్టుంది. ఆయన అమ్మకి చూపించారు. అమ్మ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. వేడినీళ్లు, చన్నీళ్లు రెండు గిన్నెల్లో పెట్టి నా చెయ్యి మార్చి మార్చి ముంచుతూ, "మా వార్డులో మాట వినని పేషెంట్లుంటారు. వాళ్ల మీద నాకు కోపం రాదు. వాళ్లని నేను కనలేదు కాబట్టి" అంది. ఆ తర్వాత నాలుగు రోజులు బంతి ముట్టుకోనివ్వలేదు. ఆటకి వెళ్లే మాట ఎత్తలేదు. నేను అడగడానికి భయపడ్డాను.

ఆట రోజు పొద్దున్న అమ్మ డ్యూటీనుంచి తిన్నగా నా మంచం దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుని ఒక్కొక్క వేలూ వంచి, మణికట్టు తిప్పి, నొక్కి చూసింది. వాపు తగ్గింది గానీ లోపల ఎక్కడో సన్నగా లాగుతోంది. దాచలేదు, చెప్పాను.

"రెండు ఓవర్లు" అంది అమ్మ. "పన్నెండు బంతులు. మూడోది వెయ్యకూడదు. నువ్వు మాటిస్తే పంపిస్తాను."

ఇచ్చాను.

రామచంద్రపురం మైదానం చుట్టూ కొబ్బరి చెట్లు. ముందు మేం బ్యాటింగు చేసి ఏవో కొద్దిపాటి పరుగులు చేశాం. వాళ్ల బ్యాటింగు మొదలయ్యేసరికి సత్యవతి గారు బంతి జానకికిచ్చారు. రెండో ఓవరుకి ఎవరా అని అటూ ఇటూ చూసి, ఇంకెవరూ లేక, నాకిచ్చారు. గట్టు మీద కూర్చున్న రామచంద్రపురం పిల్లలు నన్ను గుర్తుపట్టి, అంపైరు గారు చేతులు చాపినట్టు ముందే చేతులు చాపి కూర్చున్నారు. కొత్త బంతి. కుట్టు మీద రెండు వేళ్లు పెట్టాను. పరిగెత్తాను. వదిలాను. అది మధ్య వికెట్ మీదకి వెళ్లింది, ఆ అమ్మాయి అడ్డుకుంది. అంపైరు చేతులు కిందే ఉన్నాయి. నాకు ఆ ఒక్కటే చాలు, ఇంటికెళ్లిపోయినా ఫరవాలేదనిపించింది. రెండోది కూడా అంతే. మూడో బంతి ఎక్కడో బయట మొదలైంది. ఆ అమ్మాయి వదిలేద్దామని బ్యాటు పైకెత్తింది. బంతి గాల్లో మెత్తగా, ఎవరో పిలిచినట్టు, లోపలికి తిరిగింది. వికెట్ కూలిన చప్పుడు వినేదాకా అది తిరిగిందని నేనే నమ్మలేదు. అలా తిప్పడం నాకెవరూ నేర్పలేదు. కుట్టు నిలబడితే గాలే తిప్పుతుందని తర్వాత ఎప్పుడో తెలిసింది. గట్టు మీది చేతులన్నీ దిగిపోయాయి. నా రెండో ఓవరులో ఇంకో రెండు వికెట్లు. జానకి వచ్చి నన్ను ఎత్తబోయి ఎత్తలేక నడుం పట్టుకుని గిరగిరా తిప్పింది. నాకు మైదానం, కొబ్బరి చెట్లు, సత్యవతి గారి గొడుగు, అన్నీ ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి.

ఆఖరి ఓవరు దగ్గరికి వచ్చేసరికి వాళ్లకి ఆరు పరుగులు కావాలి, రెండు వికెట్లున్నాయి. సత్యవతి గారు దూరం నుంచే బంతి నావైపు విసిరారు. పట్టుకున్నాను. వేళ్లు వాటంతట అవే కుట్టు మీదకి వెళ్లాయి. చెయ్యి లాగడం లేదు. ఉడుకు రక్తంలో ఏ నొప్పీ తెలియడం లేదు. అమ్మ మండపేటలో ఉంది. వేస్తే గెలుస్తామని నాకు తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు.

నేను నడిచి వెళ్లి బంతి సత్యవతి గారి చేతిలో పెట్టాను. "రెండే వేస్తానని మా అమ్మకి మాటిచ్చానండి."

"ఇప్పుడా చెప్పేది? నీకు మూడు ఓవర్లుంటాయని మీ అమ్మగారికి తెలియదా?"

"తెలుసండి. అందుకే అడిగింది."

"చెయ్యి నొప్పిగా ఉందా?"

అబద్ధం చెబితే సులువుగా పోయేది. "లేదండి" అన్నాను.

ఆవిడ బంతి జానకికిచ్చారు. జానకి బాగానే వేసింది. అయిదో బంతి బ్యాటు అంచుకి తగిలి ఎవరూ లేని చోటునుంచి బౌండరీ గీత దాటింది. ఓడిపోయాం. తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీ. జానకి ముందు సీట్లో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను చేసింది మంచో చెడో నాకు అర్థం కాలేదు. మూడు వికెట్లు తీసిన సంతోషం గుండెలో ఇంకా ఎగురుతూనే ఉంది, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక నోటుబుక్కు అడ్డం పెట్టుకున్నాను.

ఇంటికి రాగానే అమ్మ ముందు చెయ్యి చూసింది. "ఎన్ని వేశావు?" "రెండే." "మూడోది అడిగారా?" "అడిగారు." "గెలిచారా?" "లేదు." అమ్మ నా చెయ్యి వదల్లేదు. అలాగే పట్టుకుని మామ్మతో "అత్తయ్యా, ఇవాళ దీనికి నేనే అన్నం పెడతాను" అంది. కంచంలో అన్నం, వంకాయ కూర కలిపి ముద్దలు చేసి, తనకంటే పొడుగున్న కూతురికి తినిపించింది. నాన్న కీర్తన పాడుతూ మధ్యలో ఆపేశారు. మర్నాడు అమ్మ యూనిఫారంలో మా బడికి వెళ్లి, సత్యవతి గారితో "నిన్న ఓడింది నా వల్లండి, దాని వల్ల కాదు" అని చెప్పి వచ్చింది. సత్యవతి గారు మర్యాదగానే విన్నారట. కానీ రాజమండ్రికి పంపిన పేర్లలో జానకి పేరుంది, నా పేరు లేదు.

పది రోజుల తర్వాత ప్రార్థన అయ్యాక సత్యవతి గారు నన్ను పిలిచి ఒక పోస్టు కార్డు చూపించారు. రామచంద్రపురం డ్రిల్లు టీచరు గారు రాసింది. "మీ పొడుగు అమ్మాయి, రెండు ఓవర్లే వేసిన ఆమె, పేరు తెలియదు. ఎంపికకి పిలిచిన వాళ్ల పేర్లు చూశాను, మీరు పంపిన వాటిలో ఆమెది లేనట్టుంది. పొరపాటున మరిచిపోయారేమో అని రాస్తున్నాను." సత్యవతి గారు కార్డు మడిచి, "మరిచిపోలేదు కరుణా, కోపంతో రాయలేదు" అన్నారు. టీచరు ఒకరు నా ముందు అలా ఒప్పుకోవడం అదే మొదటిసారి. నేను "ఫరవాలేదండి" అన్నాను. ఆవిడకి నవ్వొచ్చింది. ఆ రోజే నా పేరు కూడా రాజమండ్రికి రాసి పంపారు.

ఇప్పుడు మా కింది ఫ్లాటులో ఉండే అమ్మాయి అకాడమీకి వెళ్తుంది. వాళ్ల కోచ్ ఫోనులో తీసిన వీడియో నాకు చూపించింది. చెయ్యి పైకి లేవడం, మణికట్టు, వేళ్లు, బంతి విడవడం, అన్నీ నిదానంగా, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి చూడచ్చు. నాకు కన్ను తిప్పుకోవాలనిపించలేదు. ఆ రోజులే బాగున్నాయని నేను అనను. మాకు తెలిసింది తక్కువ. నా చెయ్యి వాచినప్పుడు రెండు గిన్నెల నీళ్లు, అమ్మ వేళ్లు తప్ప ఇంకేం లేవు, అదృష్టం కొద్దీ సరిపోయాయి. జిల్లాకి రెండేళ్లు ఆడాక ఎటు వెళ్లాలో చెప్పేవాళ్లు లేరు. లెక్కల్లో డిగ్రీ చేశాను, కాలేజీలో పాఠాలు చెప్పాను, ఆ బతుకూ నాకు నచ్చింది. ఈ అమ్మాయికి దారి ఉంది, టీవీలో చూసి నేర్చుకోవడానికి తనలాంటి అమ్మాయిలున్నారు. చూస్తుంటే అసూయ పుట్టదు, కాళ్లు ఊరుకోవు, అంతే. ఒక్కటి మాత్రం ఆ అమ్మాయికి లేనిది నాకుంది. బంతి అంటే ఏమిటో తెలియని ఇద్దరు ఆడవాళ్లు, నేను వేసిన ప్రతి బంతినీ ఊపిరి బిగబట్టి చూశారు.

రాజమండ్రిలో ఎంపికకి అమ్మే సెలవు పెట్టి తీసుకెళ్లింది. గోదావరి మీదనుంచి గాలి జోరుగా వీస్తోంది, బంతి చెప్పినదానికంటే ఎక్కువే తిరిగింది. నాకు తొమ్మిది బంతులిచ్చారు. ఒక్కటీ ఊగలేదు. పేర్లు చదివినప్పుడు జానకిది నాలుగోది, నాది ఏడోది. జానకి పరిగెత్తుకొచ్చి నన్ను గట్టిగా గిల్లింది. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఆ గిల్లుడుతో తీరిపోయింది. జానకి వాళ్ల మావయ్యతో వెళ్లిపోయాక మైదానం ఖాళీ అయింది. ఎవరో వదిలేసిన పాత తోలు బంతి ఒకటి గడ్డిలో కనపడితే నేను తీశాను. అమ్మ చుట్టూ చూసింది. ఎవరూ లేరు. "ఇలా ఇవ్వు ఒకసారి" అంది. హ్యాండ్ బ్యాగు నాకిచ్చి, చెంగు నడుంలో దోపి, చెప్పులు విప్పి, ఎనిమిదడుగులు పరిగెత్తి చెయ్యి తిప్పింది. బంతి వికెట్లవైపు వెళ్లలేదు. ఎడమవైపు కంచె దాకా ఎగిరి, తీగల్లో ఇరుక్కుంది. నన్ను రోజూ అయిదింటికి లేపి నిలబెట్టిన మనిషి అక్కడ నిలబడి తన మణికట్టు వంక చూసుకుంది.

"ఇంత కష్టమా ఇది?" అంది. "నేనేమో అంతే, అంతే అని నిన్ను అన్నేసి మాటలన్నాను."

నేను నవ్వు ఆపుకోలేక కింద కూర్చుండిపోయాను. అమ్మ వెళ్లి కంచెలోంచి బంతి తీసుకొచ్చింది. ఇంకోటి వేసింది. అదీ కంచెకే పోయింది. "లేచి, ఎలా పట్టుకోవాలో చూపించు" అంది. చూపించాను. డ్యూటీకి బతుకులో ఒక్కసారి కూడా ఆలస్యంగా వెళ్లని అమ్మ, ఆ సాయంత్రం మండపేట బస్సు రెండుసార్లు తప్పనిచ్చింది. పదిహేడో బంతి వికెట్లకి తగిలింది.